ఆకలిగొన్న పాదరసం
మరుగున పడ్డ మాటలు – 11

గత భాగంలో భస్మక రోగం దగ్గర ఆగాం. ఎంత తిన్నా కడుపు నిండదు, తిన్నది ఒంటికి పట్టదు. అదీ ఆ జబ్బు. ఈసారి దానికి ఎదురు కొసకు పోదాం. అన్నం చూస్తేనే మొహం తిప్పుకునే మనిషికి మళ్ళీ ఆకలి పుట్టించడాన్ని పాత వైద్యులు దీపనం అన్నారు. ఆయుర్వేద వైద్యుల నోట ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఒకప్పుడు దీనికి రెండో బతుకు కూడా ఉండేది. రసవాదులు ఇదే మాటను వాడుకున్నారు. వాళ్ళు ఆకలి పుట్టించాలని చూసింది మనిషికి కాదు, పాదరసానికి.

ముందు మనిషి సంగతి చూద్దాం. కడుపులో నిప్పు ఉందని, అన్నాన్ని అది వండుతుందని మన వైద్యం నమ్మింది. ఆ జఠరాగ్ని సమంగా ఉంటే ఆరోగ్యం. ఒకపూట మండి ఒకపూట ఆరితే విషమాగ్ని. మితిమీరితే తీక్ష్ణాగ్ని. రాజుకోకపోతే మందాగ్ని. జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ నాలుగోదేనని వైద్యాచార్యుడు వాగ్భటుడి మతం. అందుకే ఏ రోగం వచ్చినా ముందు ‘ఆకలి ఎలా ఉంది?’ అని అడగడం వైద్యుడి అలవాటైంది. చరక సంహిత ఒక్కో పనికి పదేసి మందుల చొప్పున యాభై జట్లు కట్టింది. వాటిలో ఒకటి దీపనీయం. పిప్పళ్ళు, మోడి, చవ్యం, చిత్రమూలం, శొంఠి, అమ్లవేతసం, మిరియాలు, అజమోదం, నల్లజీడి గింజ, ఇంగువ. ఇవీ ఆ పది.

ఈ జాబితాలో సగం మన పోపులపెట్టెలోనే ఉంది. శొంఠి, పిప్పళ్ళు, మోడి కలిపి దంచి, బెల్లం, నెయ్యి వేసి బాలింతకు పెట్టే కాయం ఇంటింటికీ కాస్త తేడాతో నిన్నమొన్నటిదాకా మన ఊళ్ళలో ఉండేది. చేసిన అమ్మమ్మలెవరూ దాన్ని దీపనం అనలేదు. పెట్టారు, బాలింతకు ఆకలేసింది, అంతే. మిగతా సగం అడవి సరుకు. నల్లజీడి చెట్టు నల్లమలలో ఉంది. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టేది ఆ గింజ రసంతోనే. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. శుద్ధి తెలియనివాడు దాని జోలికి పోకూడదు. చిత్రమూలం కూడా అలాంటిదే. వేరు నూరి చర్మం మీద పెడితే కాలినట్టు పొక్కుతుంది. సంస్కృత నిఘంటువులు నిప్పుకున్న పేర్లన్నీ ఈ మొక్కకు పెట్టేశాయి. బయట కాల్చేది లోపల కూడా మంట రాజేస్తుందన్నది వాళ్ళ లెక్క.

మరో వైద్యాచార్యుడు శార్ఙ్గధరుడు ఇక్కడ ఒక చక్కని గీత గీశాడు. ఆకలి పుట్టించడం వేరు, అరిగించడం వేరు అన్నాడు. నిప్పును రాజేసేది దీపనం. లోపల పేరుకున్న అరగని సరుకును పక్వం చేసేది పాచనం. సోంపు మొదటి పని చేస్తుంది, రెండోది చేయదు. నాగకేసరం రెండోది చేస్తుంది, మొదటిది చేయదు. చిత్రమూలం రెండూ చేస్తుంది. ఆకలి, అరుగుదల ఒకటే అనుకునే మనకు ఈ తేడా కాస్త వింతగా ఉంటుంది. కానీ జ్వరం తగ్గినవాణ్ణి దగ్గరుండి చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. ఆకలి ముందు వస్తుంది, అరుగుదల తర్వాతెప్పుడో వస్తుంది. ఆ మధ్య రోజుల్లో తిన్న పూరీ మనిషిని మళ్ళీ మంచం ఎక్కిస్తుంది.

ఇక రసవాది ఇంటికి పోదాం.

పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు చేయాలని రసశాస్త్రం చెబుతుంది. మందుకు మొదటి ఎనిమిది చాలు. స్వేదన, మర్దన, మూర్ఛన, ఉత్థాపన, పాతన, రోధన, నియమన, దీపన. ఉడికించడం, నూరడం, రూపు పోయేదాకా నలపడం, మళ్ళీ రూపు తేవడం, ఆవిరిగా పట్టడం. ఇన్ని బాధలు పడ్డాక పాదరసం నీరసిస్తుందట. దాన్ని ఉప్పునీటి కుండలో మూసి ఉంచి తేరుకోనిస్తారు. అది రోధనం. తేరుకున్నాక చపలత్వం పోగొడతారు. అది నియమనం. ఎనిమిదోది దీపనం.

సుమారు పదో శతాబ్దపు రసహృదయ తంత్రంలో గోవింద భగవత్పాదుడు ఈ ఎనిమిదో పని ఎలా చేయాలో ఒక్క శ్లోకంలో చెప్పాడు. వెలిగారం, మిరియాలు, ఉప్పు, ఆవాలు, మునగ లాంటివి తీసుకుని, పులిసిన కాంజికంలో పాదరసాన్ని మూడు దినాలు ఉడికించాలి. అప్పుడది ముద్ద కోరుతుందని ఆయన మాట. ఆ పదార్థాలను మరోసారి చూడండి. మిరియాలు, ఉప్పు, ఆవాలు, మునగ, పుల్లటి కలి. మందాగ్నితో మూలుగుతున్న మనిషికి చారు కాచినట్టే పాదరసానికీ కాచారు. ఇదేదో అలంకారంగా వాడిన పోలిక అనుకుంటే పొరపాటు. రసవాది దృష్టిలో కడుపూ పాదరసమూ ఒకే సూత్రం మీద నడుస్తాయి, ఒకే మందుకు లొంగుతాయి.

ముద్ద కోరిన పాదరసానికి ముద్ద పెట్టాలి కదా. ఆ ముద్దను గ్రాసం అన్నారు. పాదరసం బరువులో అరవై నాలుగో వంతుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ పోవాలి. తినిపించేది అభ్రకం కావచ్చు, బంగారం కావచ్చు. తినడానికి నోరు కావాలి. నోరున్న పాదరసం సముఖం, లేనిది నిర్ముఖం. నమిలించడం చారణం, లోపల కరగడం గర్భద్రుతి, అరిగించుకోవడం జారణం. ముందు పెట్టింది అరగకుండా ఇంకో ముద్ద పెడితే పాదరసానికీ అజీర్ణం చేస్తుంది. అరగడానికి తోడుగా క్షారాలు, పులుపులు, లవణాలు కలిపి వాడే దినుసు పేరు విడం. మనుషుల అజీర్ణానికి వాడే ఉప్పుల్లోనూ విడ లవణం ఒకటుంది. పాదరసం బంగారాన్ని నిజంగా కలుపుకుందా లేదా చూడటానికి గుడ్డలో వేసి పిండేవారు. మొత్తం గుడ్డలోంచి దిగిపోతే ముద్ద లోపలికి పోయినట్టే. గుడ్డలో ముద్దగా మిగిలితే ఇంకా అరగలేదని లెక్క. బంగారు గనుల్లో పాదరసంతో పసిడి పట్టేవాళ్ళు ఇదే గుడ్డ పిండుడు పని నిన్నటిదాకా చేశారు. వాళ్ళకు మాత్రం గుడ్డలో మిగిలే ముద్దే కావాలి.

ఈ కథలో మన మార్కాపురం ప్రాంతానికి పెద్ద పాత్రే ఉంది. శ్రీశైలానికి నాలుగు వాకిళ్ళు. ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట అలంపురం, దక్షిణాన సిద్ధవటం, తూర్పున త్రిపురాంతకం. యర్రగొండపాలెం నియోజకవర్గంలోనే ఉన్న ఈ తూర్పు వాకిట కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి కొలువున్నారు. కాకతీయుల కాలంలో ఇది గోళకీ మఠపు శైవాచార్యులకు గట్టి స్థావరం. ఆ ఆచార్యులకు వైద్యం పరాయిది కాదు. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనంలో వాళ్ళ మఠానికి ఇచ్చిన భూముల ఆదాయంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపాలని రాసి ఉంది. ఇక రసవాదుల సంగతికొస్తే, నిత్యనాథ సిద్ధుడి రసరత్నాకరం రసాయన ఖండంలో శ్రీపర్వతం (శ్రీశైలం) మీద సాధకుడు ఎక్కడెక్కడ ఏమేం వెతకాలో ఒక అధ్యాయమే ఉంది. అందులో త్రిపురాంతకం పేరు వస్తుంది. గుహలు, చెట్లు, నీళ్ళు, వాటి మహిమలు అన్నీ అందులో ఉన్నాయి. యాత్రికుడికి స్థలపురాణం ఎలాగో రసవాదికి ఆ అధ్యాయం అలాంటిది. పదిహేనో శతాబ్దంలో గౌరన రాసిన నవనాథ చరిత్ర సిద్ధుల కథలను ద్విపదలో తెలుగువాళ్ళకు చేర్చింది.

శ్రీపర్వతం పేరు అంతకు ముందే దూరదేశాలకు పాకింది. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్, నాగార్జునుడు రాళ్ళ మీద మందు చల్లి బంగారం చేశాడన్న కథ విని రాసుకున్నాడు. బౌద్ధ దార్శనికుడైన నాగార్జునుడు, రసవాది నాగార్జునుడు ఒకరేనా అన్న తగాదా పండితులది. జనం మాత్రం ఎప్పుడో ఇద్దర్నీ కలిపేశారు. అదే శతాబ్దంలో బాణుడు కాదంబరిలో ఒక ముసలి ద్రావిడ సాధువును పెట్టి కడుపుబ్బ నవ్వించాడు. ఆ సాధువుకు శ్రీపర్వతపు వింతలు వెయ్యి తెలుసు, బంగారం చేసే పిచ్చి ఉంది. సరిగా కుదరని రసాయనం మింగి లేని జ్వరం తెచ్చుకున్నాడు. పదమూడు వందల ఏళ్ళ కిందటే ఆ వెక్కిరింత అందరికీ అర్థమైందంటే, అలాంటివాళ్ళు ఊరికొకరు ఉండి ఉంటారు.

బంగారం పిచ్చి రాజవంశాల కథల్లోకీ ఎక్కింది. శ్రీశైలం నుంచి తిరిగివస్తున్న ఒక వైశ్యుడి దగ్గర పరుసవేది ఉందని, దాన్ని కాజేసిన రెడ్డి ఇంటివాళ్ళు ఆ వైశ్యుడు చనిపోయాక ఆయన పేరైన వేమను తమ బిడ్డలకు పెట్టుకున్నారని కొండవీటి కథ ఒకటి చెప్పుకుంటారు. అద్దంకిలో రాజ్యం పెట్టి శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి చరిత్ర పురుషుడే. పరుసవేది మాత్రం కథ.

పాదరసానికి నిజంగా ఆకలి వేస్తుందా? వేయదు. కానీ రసవాది కళ్ళతో చూసింది అబద్ధం కాదు. అంగడిలో దొరికే పాదరసంలో సీసం, తగరం కలిసి ఉండేవి. వాటిని నాగదోషం, వంగదోషం అన్నారు. అలాంటి పాదరసం మీద నల్లటి పొర కడుతుంది. పళ్ళెంలో దొర్లిస్తే గుండ్రంగా పోదు, తోక లాగుతూ పోతుంది. బంగారం రేకు వేస్తే దాన్ని తాకదు. ఇదే వాళ్ళ దృష్టిలో మందాగ్ని. పులుపుతో, ఉప్పుతో, క్షారంతో రోజుల తరబడి ఉడికిస్తే ఆ పొర పోతుంది. అప్పుడు బంగారం రేకు వేస్తే ఇట్టే మాయమవుతుంది. చూసినవాడికి అది తినడంలాగే ఉంటుంది. వెండి, తగరం, రాగి దేన్నయినా పాదరసం కలుపుకుంటుంది, ఇనుము జోలికి మాత్రం పోదు. అందుకే దాన్ని ఇనుప సీసాల్లో ఎగుమతి చేస్తూ వచ్చారు. రసవాది చేసిన పని సరైనది, చెప్పుకున్న కారణం తప్పు. మన పూర్వులకు అన్నీ తెలుసనేవాళ్ళకూ, వాళ్ళకేమీ తెలియదనేవాళ్ళకూ ఈ మాట రుచించదు. అయినా ఉన్నది అదే.

అయితే ఆ తప్పు మనవాళ్ళ ఒక్కరిదే కాదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు వైద్య, రసాయన గ్రంథాల్లో ‘ఎసురైన్’ అని ఒక మాట ఉండేది. ఆకలిగొనడం అనే లాటిన్ క్రియ నుంచి పుట్టింది. ఆకలి పుట్టించే మందు ఎసురైన్. లోహాన్ని తినే పదునైన లవణం, ఆమ్లం కూడా ఎసురైన్. బెల్జియంలోని స్పా ఊటనీళ్ళ మీద 1624లో రాసిన వాన్ హెల్మాంట్, ఆ నీళ్ళలో ఉన్న ఆకలిగొన్న లవణమే భూమిలో ఇనుప రాతిని తిని నీటికి ఇనుప రుచి తెస్తుందన్నాడు. కడుపులో అన్నాన్ని కరిగించేది కూడా పులుపేనని ఆయన వాదన. ఫ్రాన్సిస్ బేకన్ అయితే పదార్థాలన్నిటికీ కోరికలుంటాయని రాశాడు. మన దీపనంతో వీళ్ళకు పరిచయం ఉన్నట్టు ఎక్కడా కనబడదు. ఒకదాన్నొకటి కరిగించుకునే వస్తువులను చూసిన మనిషికి ఎక్కడైనా ముందు తన కడుపే గుర్తొస్తుంది కాబోలు.

ఎసురైన్‌ను చంపింది పట్టికలు. 1718లో ఫ్రాన్సులో జెఫ్రాయ్ ఏ పదార్థం దేనితో ముందు కలుస్తుందో వరసగా ఒక పట్టిక వేశాడు. 1775లో స్వీడన్‌వాడైన బెర్గ్‌మన్ దాన్ని ఇంకా విస్తరించాడు. ఎవరికి ఎవరంటే ఎక్కువ ఇష్టం అన్న భాష కొంతకాలం ఉండి, తర్వాత అదీ పోయింది. బరువులు, నిష్పత్తులు మిగిలాయి. ఇక్కడ ఒక చిన్న సందేహం వస్తుంది. అరవై నాలుగో వంతుతో మొదలుపెట్టమన్న రసవాదికీ త్రాసు తెలుసు కదా, మరి ఇక్కడ ఆ లెక్క రసాయన శాస్త్రం కాలేదేం? నాకు తోచే కారణం ఒకటుంది. ఆయన తూచింది గురువు చెప్పిన మాట నిలబెట్టడానికి, దాన్ని పరీక్షించడానికి కాదు. పైగా విద్య రహస్యం. రహస్యంగా దాచిన లెక్కలో తప్పు పట్టేవాడు పుట్టడు.

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో మకరధ్వజం సీసాలో చూడవచ్చు. పాదరసం, గంధకం, బంగారం కలిపి నూరి, ఏడు చుట్లు గుడ్డా మన్నూ పట్టించిన గాజు సీసాలో పోసి, ఇసుక నింపిన కుండలో పెట్టి మంట వేస్తారు. సీసా మెడ దగ్గర ఎర్రటి సిందూరం పేరుకుంటుంది. పాదరసం బంగారాన్ని అరిగించుకుని ఆ రంగు తెచ్చుకుందని నమ్మకం. సీసా పగలగొడితే బంగారం దాదాపుగా అడుగునే ఉంటుంది. మెడకు పట్టింది పాదరసం, గంధకం కలిసిన సమ్మేళనం, అంటే ఇంగిలీకం లాంటిదే. 1902లో, 1909లో రెండు సంపుటాలుగా హిందూ రసాయన శాస్త్ర చరిత్ర రాసిన ప్రఫుల్ల చంద్ర రాయ్‌కు ఇలాంటి సీసాల మీద గౌరవమూ ఉంది, జాలీ ఉంది. ఆయన స్వయంగా పాదరసం మీద పరిశోధన చేసినవాడు. రసవాదుల చేతి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, చేత్తో పనిచేసే కులాలను పండితులు దూరం పెట్టడం ఇక్కడ శాస్త్రం ఎండిపోవడానికి ఒక ముఖ్య కారణమని తేల్చాడు.

కడుపు సంగతి అంతకు ముందే తేలింది. 1824లో విలియం ప్రౌట్ జీర్ణరసంలో ఉన్నది ఉప్పు నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లమని చూపించాడు. జఠరాగ్ని నిప్పు కాదు, పులుపు. ఈ విషయంలో వాన్ హెల్మాంట్ గెలిచాడు.

అయినా దీపనం వెనకున్న అనుభవం ఎంత గట్టిదో తెలియడానికి ఒక చేదు సందర్భం ఉంది. 1876–78 నాటి ధాత కరువు. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. అవి తర్వాత చేరిన ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ఆ కరువులో మద్రాసు రాజధానిలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, కొద్దిపాటి పైకం చాలని 1877లో ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. తిండి తక్కువైతే ముందు పోయేది అరిగించుకునే శక్తేనని, అది పోయాక తిండి పెట్టినా మనిషి దక్కడని ఆ రోజుల వైద్యులు శిబిరాల్లో కళ్ళారా చూశారు. మద్రాసు కరువు శిబిరంలో పనిచేసిన అలెగ్జాండర్ పోర్టర్ చనిపోయినవాళ్ళ శరీరాలు కోసి చూశాడు. పేగుల లోపలి పొర అరిగిపోయి పల్చబడి ఉంది. ఆ వివరాలన్నీ 1889లో పుస్తకంగా వేశాడు. ఆకలి నిండా ఉంది, అరుగుదల లేదు. శార్ఙ్గధరుడు గీసిన గీతకు ఇంతకంటే భయంకరమైన రుజువు దొరకదు. ఉపవాసం తర్వాత గంజితేటతో మొదలుపెట్టి, జావ, మెత్తటి అన్నం అంటూ మెట్టుమెట్టుగా పెంచాలని పాత వైద్యం చెప్పేది ఇందుకే. నేటి ఆస్పత్రుల్లో తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకూ మొదట కొద్దికొద్దిగానే పాలు పోస్తారు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆకలి పుట్టించే మందుల మీద అన్ని శ్లోకాలు రాసిన గ్రంథాల్లో, మెట్ట చేలలో వాన కోసం చూసే మనిషి కనిపించడు. ఆకలి లేదన్నది అన్నమున్న ఇంటి జబ్బు. పాత వైద్య గ్రంథాలను చదివేటప్పుడు వాటి రోగి ఎవరో గుర్తుపెట్టుకుని చదవాలి.

రసవాదుల దీపనం ఇప్పుడు ఆయుర్వేద కళాశాలల పాఠంలో ఎనిమిదో సంస్కారంగా మిగిలింది. పాదరసం చేరిన మందును, ఎవరు ఎంత శుద్ధి చేశామన్నా, అర్హత ఉన్న వైద్యుడు చెప్పకుండా నోట్లో వేసుకోకండి. బాణుడి సాధువుకు పట్టిన జ్వరం ఇప్పటికీ పడుతుంది. మూత్రపిండాలు పోగొట్టుకునేవాళ్ళూ ఉన్నారు.

పాఠకులకు ఒక విన్నపం. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు పాత వైద్యుల ఇళ్ళలో బసవరాజీయం లాంటి వైద్య గ్రంథాల ప్రతులో, చేతిరాత మందుల చిట్టాలో, తాటాకు కట్టలో అటక మీద ఉండవచ్చు. వాటిని పాత సామానువాడికి వేయకండి, నూనె పూసి దేవుడి గూట్లో దాచి మరిచిపోకండి. తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, అక్కడ చూపించండి. కనీసం పుటలన్నిటికీ ఫొటోలు తీసి ఉంచండి. బాలింత కాయం మీ ఇంట్లో ఎలా చేసేవారో తెలిసిన పెద్దవాళ్ళుంటే దినుసులు, పాళ్ళు రాసి మాకు పంపండి. వచ్చే భాగంలో పథ్యం అనే మాటను పట్టుకుందాం.